రెండు కార్డుల నడుమ రోజులు



పోయిన కూటంలో ఒక తమ్ముడు లేచి అడిగినాడు: "అన్నా, పాత కంపెనీ వదిలేసినాను. కొత్త కంపెనీలో చేరడానికి ఇంకా నలభై రోజులుంది. ఈ లోపల ఒంటికి ఏమన్నా వస్తే ఆస్పత్రిలో ఎవరి కార్డు చూపించాలి?" కొందరు నవ్వినారు. "నలభై రోజుల్లో ఏమొస్తుందిలే" అన్నారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో కింద చెప్తాము. అడిగిందానికి జవాబు కావాలంటే కొంచెం పాత చరిత్ర తవ్వాలి. మేము బళ్ళో చదివింది తమిళం, తెలుగు అక్షరాలు అవ్వ దగ్గర నేర్చినవి. తప్పులుంటే సర్దుకొని చదవండి.

కోయంబత్తూరులో మనవాళ్ళు మిల్లు పెట్టినవాళ్ళూ ఉన్నారు, మిల్లులో తెగిన దారం అతికినవాళ్ళూ ఉన్నారు. మా నాయన రెండో రకం. ఆ కాలంలో కూలివాడికి జబ్బు చేస్తే రెండు దెబ్బలు: కూలి పోయేది, మందుకు అప్పు అయ్యేది. 1943లో అప్పటి ప్రభుత్వం దీని గురించి ఆలోచించమని బి.పి. అదార్కర్ గారిని నియమించింది. 1944లో ఆయన నివేదిక ఇచ్చినారు. దాని మీదనే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులో నెహ్రూ గారు పథకం మొదలుపెట్టినారు, ఢిల్లీలోనూ అప్పుడే మొదలైంది. అప్పటి మద్రాసు రాష్ట్రంలో అది మొదట వచ్చింది మన కోయంబత్తూరుకే, 1955లో. ఇది మన ఊరి పిల్లలకు తెలియాల్సిన సంగతి.

కార్మికుడు కొంత, యజమాని కొంత చందా కడతారు. ఇప్పుడైతే జీతంలో కార్మికుడిది నూటికి 0.75, యజమానిది 3.25. మొదట్లో వైద్యం కార్మికుడికి మాత్రమే, ఇంట్లోవాళ్ళకు తర్వాతే వచ్చింది. మా చిన్నప్పుడు ఒకసారి మిల్లు కొన్ని నెలలు మూసేసినారు. మా చెల్లెలికి కామెర్లు. "మిల్లే లేకపోతే కార్డు ఎట్ల చెల్లుతుంది?" అని అమ్మ ఏడ్చింది. నాయన భయపడుతూనే డిస్పెన్సరీకి ఎత్తుకుపోయినాడు. అక్కడ చూసి మందిచ్చినారు. కట్టిన చందాకు గడువు ఇంకా ఉందన్నారు.

ఆ గడువు లెక్క ఈనాటికి ఎట్లుందో చెప్తాము. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు తగినన్ని రోజులు చందా కట్టినవారికి, దానికి సంబంధించిన ఫలం మరుసటి జనవరి నుంచి జూన్ వరకు. అక్టోబరు నుంచి మార్చి వరకు కట్టిన చందాకు జూలై నుంచి డిసెంబరు వరకు. ఉద్యోగం పోయిన మరునాడే తలుపు మూసేయరు. అంటే పథకం రాసినవాళ్ళకు పనికీ పనికీ నడుమ సందు ఉంటుందని తెలుసు. కాబట్టి ముందే ఒక పలక వేసిపెట్టినారు. పదవీ విరమణ అయినవారికి కూడా ఒకటుంది. అయిదేండ్లు ఈఎస్ఐలో ఉండి రిటైరైతే, సంవత్సరానికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలు వైద్యం పొందవచ్చు. మన సంఘంలో ఎంతమంది కట్టుతున్నారో చేతులెత్తమంటే తెలుస్తుంది.

ఇంకొక చోట జాగ్రత్త. ఈఎస్ఐకి జీతం హద్దు 2017 జనవరి నుంచి నెలకు 21,000 రూపాయలు. జీతం పెరిగిందని స్వీట్లు పంచుతాము. హద్దు దాటినాక కార్డు ఎప్పుడు ఆగిపోతుందో మాత్రం అడగము.

మా రైల్వే సంగతికి వస్తాము. రిటైరయ్యేటప్పుడు ఒకేసారి ఒక మొత్తం కట్టి ఆరోగ్య పథకంలో చేరితే ఇద్దరికీ జీవితాంతం రైల్వే ఆస్పత్రి. నడుమ ఒక్క రోజు ఖాళీ లేదు. కాని ఫారం నింపాలి. "ఒక నెల జీతం ఎందుకు పోగొట్టుకోవాలి" అని వద్దన్నవాళ్ళను మేము చూసినాము. కొన్నేండ్లకు వాళ్ళ ఇంటి ఆడవాళ్ళు పెరంబూరు పోవాలని మా మేజా ముందు వచ్చి నిలబడేవారు. పాత ఫైలు తీసి, సంతకం లేని చోటు చూపించడం కంటే కష్టమైన పని మా నౌకరీలో ఇంకొకటి లేదు.

ఈఎస్ఐ, రైల్వే రెండూ లేనివారికి 1986లో ప్రభుత్వ బీమా కంపెనీలు మెడిక్లెయిమ్ తెచ్చినాయి. 1999 చట్టం తర్వాత ప్రైవేటు కంపెనీలు వచ్చినాయి. ఐటీ ఆఫీసుల్లో అందరికీ కలిపి గ్రూపు పాలసీ మామూలైపోయింది. మన పిల్లలకు అది ఊరికే వచ్చేదిగా కనబడింది. కాని గ్రూపు పాలసీ నౌకరీకి కట్టిన దూడ. నౌకరీ వదిలితే అదీ పోతుంది.

ఇప్పుడు మాకు నవ్వు ఎందుకు రాలేదో చెప్తాము. కొన్నేండ్ల కింద మా అబ్బాయి బెంగళూరులో ఒక కంపెనీ వదిలి ఇంకొకదానిలో చేరడానికి 52 రోజులు నడుమ ఉండె. నౌకరీ వచ్చిన రోజే మా రైల్వే కార్డులో వాడి పేరు పోయింది. వాడు బుద్ధిమంతుడు, మూడో రోజే సొంతంగా పాలసీ తీసుకున్నాడు. పంతొమ్మిదో రోజు రాత్రి అపెండిక్స్ పగిలింది. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదానికి తప్ప జబ్బుకు డబ్బు రాదు. అది పాలసీలో రాసే ఉంది. చదివింది మాత్రం ఆస్పత్రి వరండాలో, తెల్లవారి నాలుగు గంటలకు. కోడలి గాజులు తాకట్టు పెట్టినాము. పిల్లవాడు దక్కినాడు, అది చాలు.

కొద్ది కాలపు పాలసీలు మన దేశంలో జనం నోట బాగా పడింది 2020లో. ఆ జూలైలో వచ్చిన కరోనా కవచ్ మూడున్నర, ఆరున్నర, తొమ్మిదిన్నర నెలలకు ఉండె. దానికీ 15 రోజులు కాచుకోవాల్సిందే. అది ఒక్క కరోనాకే, అన్ని జబ్బులకూ కాదు. అమెరికాలో ఉండే మన పిల్లలకైతే 1985 నాటి చట్టం ఒకటి ఉంది. ఇరవై మంది, అంతకు మించి పనిచేసే కంపెనీలో ఉద్యోగం పోతే, మామూలుగా 18 నెలల వరకు అదే బీమా నడుపుకోవచ్చు. కాని డబ్బంతా తామే కట్టాలి.

కాబట్టి ఆ తమ్ముడికి మా జవాబు ఇది. నాయనా, కంపెనీ వదిలే ముందే ఆఫీసులో అడుగు: గ్రూపు పాలసీ ఏ రోజుతో ఆగుతుంది, అదే బీమా కంపెనీలో సొంత పాలసీగా మార్చుకోవచ్చునా అని. ఒప్పుకుంటే, అంతవరకు కాచుకున్న కాలం లెక్కలోకి వస్తుంది. ఇంకా మంచిది, నౌకరీతో సంబంధం లేని చిన్న పాలసీ ఒకటి ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే తీసుకొని విడవకుండా నడుపుకో. కంపెనీ నచ్చకపోతే 2011 నుంచి ఇంకొక కంపెనీకి మార్చుకునే హక్కు ఉంది, రెన్యువల్‌కు 45 రోజుల ముందే అడగాలి. ఇంటి ఆదాయం ఏడాదికి 1,20,000 లోపలుంటే తమిళనాడు ముఖ్యమంత్రి బీమా పథకం ఉంది. చిత్తూరు చుట్టాల పథకం చూసి మనకూ వస్తుందనుకోవద్దు. మన రేషన్ కార్డు ఇక్కడిది.

వచ్చే కూటానికి ఎవరి కార్డు వారు, ఎవరి పాలసీ వారు సంచిలో వేసుకొని రండి. గడువు తేదీలు మేము చదివి పెడతాము. ముప్పై ఏండ్లు చేసింది ఆ పనే కదా.