మన ఊరి ఇళ్ళు: మట్టి మిద్దె నుంచి అద్దాల ముఖం దాకా

మా బాగేపల్లి ప్రాంతంలో ఇంటి వయసు తెలుసుకోవాలంటే ఇంటాయన్ని అడగనక్కర లేదు. చెప్పులు బయట విడిచి లోపలికి అడుగు పెడితే కాలికింది నేలే చెబుతుంది. పేడతో అలికిన మట్టి నేలైతే అది తాతల నాటి ఇల్లు. ఎర్రగా, నున్నగా, చల్లగా తగిలే రెడ్ ఆక్సైడు నేలైతే 1950, 60 ల నాటిది. కడప నల్లబండలు పరిచి ఉంటే దాని తర్వాతిది. చుక్కల చుక్కల మొజాయిక్ అయితే 1980 ల నాటి ఉద్యోగస్తుడిదో, పట్టుగూళ్ళ మీద నాలుగు డబ్బులు చూసిన రైతుదో అయివుంటుంది. ఆ తర్వాత గ్రానైటు వచ్చింది. ఆపైన మొహం చూసుకోగలిగినంత మెరిసే విట్రిఫైడ్ టైల్సు గుజరాత్ లోని మోర్బీ నుంచి లారీల్లో దిగాయి. ఒక్కొక్క నేల వేసిన నాడు, ఇంతకన్నా మంచిది ఇక రాదని వేసినవాళ్ళు అనుకున్నారు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి వాళ్ళ పిల్లలే దాన్ని చూసి "పాతకాలంది" అన్నారు.

రాజుల కోటలకు చరిత్ర రాసేవాళ్ళున్నారు. గుడిబండ కోట మీద, గుమ్మనాయకనపాళ్యం పాళెగాళ్ళ మీద ఎవరో ఒకరు నాలుగు మాటలు రాస్తూనే ఉంటారు. మనం పుట్టి పెరిగిన ఇళ్ళ చరిత్ర మాత్రం ఎవరూ రాయరు. కూలగొట్టిన రోజున ట్రాక్టరులో మన్నుతో పాటే అదీ పోతుంది. నాకు తెలిసినంతలో ఆ చరిత్రను ఇక్కడ కొంత చెబుతాను.

మా వైపు పాత ఇల్లంటే మిద్దె. కోస్తా జిల్లాల వాళ్ళకు మిద్దె అంటే మేడ, పై అంతస్తు. మనకూ, రాయలసీమ వాళ్ళకూ మిద్దె అంటే చదునైన మట్టి కప్పు ఉన్న ఇల్లు. గోడ మందం మూరకు తక్కువ ఉండదు. నిట్రాళ్ళ మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా దంతెలు, వాటి మీద తంగేడు, బందారు వంటి కంప దట్టంగా పరిచి, పైన తడిమన్ను తొక్కి, అన్నిటికన్నా పైన చౌడు పోస్తారు. ఆ చౌడులోనే కిటుకంతా ఉంది. చవిటి నేలల్లో దొరికే ఆ మన్నులో సోడియం లవణాలెక్కువ. వాన చినుకు పడగానే అందులోని బంకమన్ను రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నీ పూడ్చేస్తాయి. నీళ్ళు లోపలికి దిగకుండా దోనె గుండా బయటికి పోతాయి. పొలంలో ఉంటే పైరును చంపే చౌడు ఇంటి మీదికెక్కి మనుషుల్ని కాపాడింది. వానలు తక్కువా ఎండలు ఎక్కువా అయిన సీమకు ఇంతకన్నా తగిన కప్పు ఇంకొకటి లేదు. మధ్యాహ్నపు వేడి ఆ మందపాటి మట్టిని దాటి లోపలికి వచ్చేసరికి పొద్దు గూకుతుంది.

మనది రాతి సీమ కూడా. కొండల నిండా గ్రానైటే. ఒడ్డెవాళ్ళు బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి, ఆ వేడికి పై పొర బండ నుంచి విడివడేటట్టు చేసి, దాన్ని పలకలు పలకలుగా కోసేవాళ్ళు. మందుగుండు లేకుండా, పెద్ద యంత్రం లేకుండా మంచం కన్నా పొడవైన బండలు లేచేవి. ఆ బండలు నిలబెడితే గోడ, పడుకోబెడితే కప్పు, పొలం గట్టున పాతితే కంచె. మట్టి మిద్దెకు కావలసిన పెద్ద దూలాలు కరువైన కొద్దీ చాలా ఊళ్ళలో బండ మిద్దెలు లేచాయి. ఇక్కడికి దగ్గరలోని లేపాక్షి గుడి 16వ శతాబ్దంలో ఇదే జాతి రాతితో కట్టింది. అప్పటి శిల్పికీ నిన్నటి ఒడ్డెకూ బండ స్వభావం ఒకేలా తెలుసు.

ఆ తర్వాత కప్పు మీదికి ఎక్కింది బయటి సరుకు. 1865 లో బాసెల్ మిషన్ వాళ్ళు మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ పెట్టారు. ఒకదానిలో ఒకటి కొక్కెంలా కూర్చునే ఆ పెంకులు రైళ్ళ మీదా బండ్ల మీదా మైసూరు సంస్థానమంతా పాకాయి. బాగేపల్లికి రైలు ఏనాడూ రాలేదు. అయినా పెంకు వచ్చింది. పెంకుటిల్లు కట్టినవాడు ఊళ్ళో ఒక మెట్టు పైకెక్కినట్టు. కచేరీలకూ బంగళాలకూ పెంకులో, మద్రాసు టెర్రేసు కప్పో ఉండేది కాబట్టి, వాటిని ఇంటికి తెచ్చుకోవడమంటే కొంత సర్కారు దర్జా తెచ్చుకోవడమే. దేవరాజ అరసు ముఖ్యమంత్రిగా ఉన్న 1970 లలో జనతా ఇళ్ళ పేరుతో బీదవాళ్ళకూ సొంత గూడు దక్కడం మొదలైంది. వాకిట్లో కాళ్ళు కడుక్కుని బయటే నిలబడవలసిన మనిషికి తనదైన గడప ఒకటి ఏర్పడింది. ఆ గడప విలువ ముందు కప్పు అందం ఎంత!

సిమెంటు చాలాకాలం అందరికీ దొరకలేదు. పర్మిట్ల రోజులవి. 1982 లో కేంద్ర ప్రభుత్వం సిమెంటు మీద కంట్రోలు కొంత ఎత్తేసింది, 1989 లో పూర్తిగా ఎత్తేసింది. మన ఊళ్ళలో మట్టి మిద్దెల కూల్చివేత ఊపందుకున్నది ఆ తర్వాతే. డబ్బు పెడితే మూట దొరికే కాలం వచ్చాక, ఏటా తొలకరికి ముందు చౌడు తోలి మిద్దె ఎక్కే ఓపిక ఎవరికుంటుంది? దానికి తోడు జనాభా లెక్కల వాళ్ళ కాగితాల్లో మట్టి గోడ "కచ్చా", సిమెంటు గోడ "పక్కా". ప్రభుత్వ పథకాల్లోనూ అదే కొలత. వందేళ్ళు నిలిచిన ఇల్లు కచ్చా అయింది, పదేళ్ళకే పెచ్చులూడి ఇనుము బయటపడే ఇల్లు పక్కా అయింది. ఆ ఒక్క మాట మన ఇళ్ళకు చేసినంత చెరుపు చెదపురుగులు కూడా చేయలేదని నా అభిప్రాయం.

2008 లో దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం తెరిచారు. బాగేపల్లికి అది డెబ్బై కిలోమీటర్ల లోపే. హైదరాబాదు రోడ్డు వెంబడి భూముల ధరలు ఎగబాకాయి. భూమి అమ్మిన డబ్బుతో పాటు బెంగళూరు ఇళ్ళ ముఖాలు కూడా ఇటు వచ్చాయి. ఇప్పుడు మన పేటల్లో కొత్త ఇల్లంటే రోడ్డువైపు నీలి అద్దం, ప్లాస్టిక్ పొర అంటించిన అల్యూమినియం రేకు, మెట్లకు స్టీలు గొట్టాల పిట్టగోడ, హాల్లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఫాల్స్ సీలింగు, దాని అంచుల్లో రంగు రంగుల లైట్లు, వంటింటికీ హాలుకూ మధ్య గోడ లేకపోవడం.

వీటిలో ఏది ఎన్నాళ్ళు నిలుస్తుంది? జ్యోతిష్యం చెప్పను గాని, చరిత్ర కొంత లెక్క అందిస్తుంది. ఇంగ్లండులో 1970 లలో స్నానాల గదులకు అవకాడో పండు రంగు తొట్లు పెట్టడం గొప్ప. తర్వాతి తరం వాటిని నవ్వుకుంటూ పగలగొట్టింది. అదే దేశంలో రాతి గోడల పల్లెటూరి ఇళ్ళను ఎవరూ నవ్వలేదు, కోరి కొనుక్కున్నారు. ఎండకో వానకో పనికో జవాబుగా పుట్టింది వాడకం తప్పినా నవ్వులపాలు కాదు. పక్కింటిని చూసి అంటించుకున్నది, పక్కిల్లు మారగానే పాతబడుతుంది. ఈ కొలతతో చూస్తే పడమటి ఎండకు ఎదురుగా బిగించిన నీలి అద్దం ముందుగా వెలవెలబోతుంది. ఎండను లోపలికి రానిచ్చి వేడిని బయటికి పోనివ్వని ఆ గాజు మన సీమకు సరిపడదు. రేకు ముఖం రంగు వెలుస్తుంది. ఫాల్స్ సీలింగు మీద కప్పు కారిన మరకలు పడతాయి. పోపు ఘాటు సోఫాల దాకా వచ్చినప్పుడు గోడ లేని వంటింటికి మళ్ళీ తలుపు పెట్టిస్తారు. ఇప్పటికే కొందరు పెట్టిస్తున్నారు.

ఇంకొక వింత జరుగుతున్నది. మనం పాతదని పారేసినదాన్ని నగరంవాళ్ళు కొత్త మోజుగా కొంటున్నారు. మా ఇంటి పాత భాగం విప్పినప్పుడు బెంగళూరు నుంచి ఒక వ్యాపారి వచ్చి నిట్రాళ్ళూ తలవాకిలి ద్వారబంధమూ బేరమాడాడు. కట్టెల లెక్కన తూకం వేసి తీసుకుపోయాడు. అలాంటివే హోటళ్ళలో, ఫలహారశాలల్లో అలంకారంగా నిలబెడుతున్నారని తర్వాత విన్నాను. రెడ్ ఆక్సైడు నేలలు మళ్ళీ వేయించుకుంటున్నారు, కానీ ఆ పని తెలిసిన మేస్త్రీలు వెతికితే గాని దొరకడం లేదు. భారతీయ విజ్ఞాన సంస్థలో 1974 లో మొదలైన "ఆస్ట్రా" అనే విభాగంవాళ్ళు మట్టికి కొంచెం సిమెంటు కలిపి యంత్రంతో అదిమిన ఇటుకల మీద ఎన్నో ఏళ్ళు పనిచేశారు. మట్టిని శాస్త్రం వదిలిపెట్టలేదు, వదిలిపెట్టింది మనమే.

ఇంత చెప్పి పాత మిద్దెను ఆకాశానికెత్తితే అన్యాయమవుతుంది. ఆ మిద్దెలో వెలుతురు గవాచి నుంచి పడే ఒక్క చారెడు. పొగ ఆడవాళ్ళ కళ్ళలోకి. ఎవరు అలికారు ఆ నేలను? ఎవరు మోశారు చౌడు గంపలు? వారం వారం పేడనీళ్ళలో చేతులు నానిన మా అమ్మ, టైల్సు వేసిన రోజున "ఇంక నా నడుము నాది" అన్నది. ఆ మాటను మోజు అని కొట్టెయ్యడం నాకు చేతకాదు. ఆమెకు అది విశ్రాంతి. అరుగు సంగతీ అంతే. బాటసారికి నీడనిచ్చిన అరుగు మీద ఊళ్ళో అందరూ కూర్చోగలిగేవాళ్ళు కాదని మనకు తెలుసు. పాత ఇంట్లో నిలుపుకోదగింది చల్లదనం, మందం, వాననీటి తెలివి. నిలుపుకోకూడనివీ ఉన్నాయి.

కొత్త ఇంటి ఖర్చు మన జేబులతో తీరిపోదు. జల్లీ కోసం కొండలు కరుగుతున్నాయి. 2021 ఫిబ్రవరిలో చిక్కబళ్ళాపురం దగ్గరి హిరేనాగవల్లిలో జిలెటిన్ పేలి ఆరుగురు మరణించారు. మంటతో బండ లేపిన చేతుల స్థానంలో జిలెటిన్ వచ్చాక రాయి తేలికగా దొరుకుతున్నది, ప్రాణం తేలికగా పోతున్నది. ఇరవై ఏళ్ళలో పాతబడి పగిలిపోయే ముఖం కోసం ఒక కొండనివ్వడం ఏ లెక్కకు వస్తుంది?

చివరగా, ఈ పత్రిక చదివేవాళ్ళకు బాగా తగిలే మాటొకటి. మా ఊళ్ళో ఇళ్ళ నెత్తిన గారతో రాసిన పేరూ సంవత్సరమూ కన్నడ అక్షరాల్లోనే ఉంటాయి. బడిలో కన్నడం, ఇప్పుడు ఇంగ్లీషు. తెలుగు మా పిల్లలకు పుస్తకంలో దొరకలేదు, ఇంట్లోనే దొరికింది. నిట్రాట, దంతె, గవాచి, దోనె, దీపంగూడు, పడసాల, నడిమిల్లు, అటక, జాలాడి, పాతర, గాదె, చూరు, గడప. ఒక్కొక్క మాటకూ ఒక్కొక్క వస్తువు ఎదురుగా ఉండేది. ఎవరూ నేర్పకుండానే పిల్లవాడు నేర్చుకునేవాడు. రాగులు ఏళ్ళ తరబడి చెడకుండా ఉండే పాతర పూడ్చేశాక, ఆ మాట ఇక నోటికి రావలసిన పని లేదు. కొత్త ఇంట్లో ఉన్నవి హాలు, కిచను, బెడ్రూము, బాల్కనీ. ఇల్లు మన వాచకమైతే, అందులో సగం పేజీలు చింపేసుకున్నాం.

మళ్ళీ మట్టి మిద్దెలు కట్టుకోమని నేననను. కట్టేవాళ్ళు కప్పు మందం గురించి, పడమటి గోడ గురించి ఒక పూట ఆలోచించమంటాను. కూల్చేవాళ్ళు ట్రాక్టరు రాకముందు ఇంట్లోని ముసలివాళ్ళను కూర్చోబెట్టి ఒక్కొక్క భాగం పేరూ అడిగి రాసుకోమంటాను. చింతామణి వైపు ఒక మాట, గుడిబండ వైపు ఇంకొక మాట, చేళూరు వైపు మరొకటి ఉండవచ్చు. పాఠకులు తమ ఊరి ఇంటి మాటలు పోస్టుకార్డు మీద రాసి పంపినా చాలు. సంపాదకులు అనుమతిస్తే వాటన్నిటినీ ఒక పట్టికగా కూర్చే పని నేను చేస్తాను.