పటంలో లేని పడావు భూమి

మన బసంత్‌నగర్ చుట్టూ ఇప్పుడు భూమికి గుర్తులంటే సిమెంటు ఫ్యాక్టరీ, రామగుండం కరెంటు ప్లాంటు, గోదావరిఖని బొగ్గు బావులు. వీటి హద్దులన్నీ ఆఫీసుల్లో పటం మీద గీసినవే. గోదావరి దాటి ఆసిఫాబాద్ వైపు పోతే, ఇలాంటి గీతే ఒకటి ఆదివాసీ చరిత్రను మలుపు తిప్పింది.

గోండు ఊరికి పెద్ద పట్లా, కావలి దైవం ఆకిపేన్. కొత్త కుటుంబం వచ్చి దున్నుకోవాలంటే ముందు పట్లాను అడగాలి. నల్లరేగడిలో యాసంగి పంట, చెల్కల్లో వానకాలం పంట వేసేవారు. చెల్క త్వరగా సత్తువ కోల్పోతుంది. కొన్నేండ్లు దున్నాక దాన్ని పడావు పెట్టి వేరే చెల్కకు పోయేవారు. అక్కడ పొదలు, చెట్లు లేచి నేల కోలుకున్నాక మళ్లీ అదే చెల్కకు వచ్చేవారు. అంటే ఊరికి కావలసిన భూమి, ఆ ఏడు నాగలి నడిచిన భూమికి ఎన్నో రెట్లు. దీన్ని ఎవరూ ప్రణాళిక అనలేదు గానీ, అది ప్రణాళికే.

నిజాం కాలంలో రిజర్వు అడవి హద్దులు గీసిన అధికారులు ఆ ఒక్క ఏటి సాగునే చూశారు. పడావులో లేచిన చెట్లు వాళ్ల కంటికి అడవిగానే కనబడ్డాయి. అటు కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పడ్డాక, మైదానం నుంచి వచ్చినవాళ్లు మంచి రేగళ్లకు పట్టాలు చేయించుకున్నారు. గోండులు, కోలాములు రెండు దిక్కులా ఇరుక్కున్నారు. పన్నెండు ఊళ్ల భూమి మీద హక్కు అడిగిన కుమ్రం భీమ్ 1940లో జోడేఘాట్‌లో పోలీసు తూటాలకు నేలకొరిగాడు.

ఆ తర్వాతే ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను పిలిపించింది. మార్లవాయిలో ఉండి ఆయన చేసిన పని ఫలితంగా, 1949 నాటికి ఆదిలాబాద్ జిల్లాలో 11 వేల మందికి పైగా ఆదివాసులకు సుమారు 1,60,000 ఎకరాలు దక్కాయి. అది చిన్న విషయం కాదు. అయినా నా లెక్కలో ఒక లోటు ఉంది. పట్టా కుటుంబానికి వచ్చింది; ఊరంతటికీ కావలసిన పడావు, మేత, కట్టె చాలావరకు రిజర్వు గీత లోపలే ఉండిపోయాయి.

తర్వాత షెడ్యూల్డ్ ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1/70 వచ్చింది. 1997 సమతా తీర్పు అక్కడి ప్రభుత్వ భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వకూడదంది, ప్రభుత్వ సంస్థలకు మాత్రం దారి తెరిచే ఉంచింది. బొగ్గు ప్రాంతపు పిల్లలు ఈ తేడా మరవొద్దు. 1996 పెసా చట్టం ప్రకారం అక్కడ భూమి సేకరించే ముందు గ్రామసభనో, పై పంచాయతీనో సంప్రదించాలి.

2006 అటవీ హక్కుల చట్టం షెడ్యూల్డ్ ప్రాంతం బయట కూడా వర్తిస్తుంది. వ్యక్తిగత పట్టా ఒక్కటే కాదు, ఊరు తన అడవినంతా సామూహిక వనరుగా కోరవచ్చు. దానికి ఫారం–సి ఉంది. పాత బావి, శ్మశానం, దేవుని గుట్ట సాక్ష్యంగా చెల్లుతాయి. ముసలివాళ్లు చెప్పిన మాట కూడా చెల్లుతుంది, అయితే అది రాతలో ఉండాలి. ఏ చెల్క ఎన్నేండ్లు పడావులో ఉండేదో చెప్పగలిగే తాతలు, అవ్వలు ఇంకా మన మధ్య ఉన్నారు. రాయడం వచ్చినవాళ్లు మీరే.