ఇంట్లో మైక్రోగ్రీన్స్: పెంపకం, వంట, జాగ్రత్తలు

విత్తనం మొలిచి మొదటి ఆకులు విచ్చుకోగానే కోసే లేత మొక్కలే మైక్రోగ్రీన్స్. మొలకలను వేరుతో సహా తింటాం. వీటిని మాత్రం వేరు వదిలేసి పైన కత్తిరిస్తాం. సూపర్‌మార్కెట్ డబ్బాలే కొనాల్సిన పని లేదు, వంటింట్లో ఉన్న మెంతులు, ఆవాలు, ధనియాలు చాలు.

పెంపకం: గుప్పెడు మెంతులు రాత్రంతా నానబెట్టాలి. అడుగున చిల్లులున్న ట్రేలో కోకోపీట్ పరిచి, గింజలు ఒత్తుగా చల్లి, రెండు మూడు రోజులు మూత పెట్టాలి. తర్వాత వెలుతురులో పెట్టి రోజూ నీళ్లు చిలకరించాలి. 7 నుంచి 10 రోజుల్లో కోతకు వస్తాయి. ధనియాలను రెండు బద్దలుగా నలిపి చల్లాలి. వాటికి రెండు మూడు వారాలు పడుతుంది.

వంట: వీటిలోని విటమిన్ సి వేడికి తగ్గిపోతుంది. అందుకే కడిగి, స్టవ్ ఆపాకే వేయాలి. గుడ్ల ఖాగీనాలోకి మెంతి, ఖిచిడీ మీదకి ధనియా బాగుంటాయి. ఆవ ఘాటుగా ఉంటుంది కాబట్టి పెరుగు చట్నీలో కలపాలి. సహెరీకి కూడా రెండు నిమిషాల పనే.

జాగ్రత్తలు: పొలం కోసం అమ్మే రంగు పూసిన విత్తనాలకు మందు పట్టించి ఉంటారు, అవి వాడొద్దు. టమాటా, వంకాయ, మిర్చి నారు తినకూడదు. బూజు పట్టినా, కుళ్లు వాసన వచ్చినా ట్రే మొత్తం పారేయాలి. రక్తం పలచబడేందుకు వార్ఫరిన్ వాడేవాళ్లు ముందుగా డాక్టర్‌ను అడగాలి. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది.