గ్యాసు మీటరుకు తీర్పరి ఎవరు?

మోండా మార్కెట్లో కూరగాయలు కొనేటప్పుడు మన చూపు కూరల మీద కంటే త్రాసు ముల్లు మీదే ఎక్కువగా ఉంటుంది. తూకం కళ్లెదుటే జరుగుతుంది కనుక, అనుమానం వస్తే అక్కడికక్కడే అడుగుతాము. ఇంటి గోడకు బిగించిన గ్యాసు మీటరు సంగతి అలా కాదు. సరుకు కంటికి కనిపించదు. కొలిచే పెట్టెకు సీలు వేసి ఉంటుంది. ఆ పెట్టె అమ్మకందారుదే, రీడింగు తీసేదీ, బిల్లు వేసేదీ వారే. నెలకు ఇంత అని పెన్షను లెక్క వేసుకుని బ్రతికే దంపతులకు ఒకసారి రెట్టింపు బిల్లు వస్తే, "మీటరు తప్పు తిరుగుతోందేమో" అని అడగటానికి కూడా మొహమాటం అడ్డు వస్తుంది. అడిగితే ఎవరు నమ్ముతారు? తప్పా ఒప్పా తేల్చేది ఎవరు? ఈ ప్రశ్న పుట్టి రెండు వందల ఏళ్లు దాటింది. దానికి చరిత్ర చెప్పిన సమాధానం ఏమిటో సభ్యుల ఎరుక కోసం ఈ వ్యాసం.

దీపానికి ఇంత, గంటకు ఇంత

నిజాం సికందర్ జా పేరు మీద మన ఊరు 1806లో సికింద్రాబాదు అయింది. ఆ మరుసటి ఏడాది, 1807లో, లండను నగరంలోని పాల్‌మాల్ వీధిలో బొగ్గు నుంచి తీసిన గ్యాసుతో దీపాలు వెలిగించి చూపారు. 1812లో గ్యాసు అమ్మడానికి అక్కడ ఒక పెద్ద కంపెనీ ఏర్పడింది. అప్పటికి మీటరు లేదు. ఇంట్లో ఎన్ని దీపాలున్నాయి, రాత్రి ఎన్ని గంటల దాకా వెలుగుతాయి అన్నదే లెక్క. ఒప్పుకున్న వేళ దాటినా కొందరు దీపం ఆర్పేవారు కాదు. అందుచేత కంపెనీ మనుషులు రాత్రిపూట వీధుల్లో తిరిగి కనిపెట్టవలసి వచ్చేది. అంటే కొలత మీద మొదటి అనుమానం అమ్మేవారికే వచ్చిందన్న మాట.

ఆ చిక్కు తీర్చడానికి శామ్యూల్ క్లెగ్ అనే ఇంజనీరు 1815లో మీటరు తయారు చేశాడు. సగం దాకా నీళ్లున్న తొట్టిలో గదులు గదులుగా ఉన్న పీపా తిరుగుతుంది. ఒక్కొక్క గది నిండి ఖాళీ అయినప్పుడల్లా ఇంత గ్యాసు పోయిందని లెక్క. నీటి మట్టం సరిగా ఉన్నంత సేపు కొలత సరిగానే ఉండేది. నీరు ఆవిరై మట్టం తగ్గితే గదిలో చోటు పెరిగి, ఎక్కువ గ్యాసు పోయినా తక్కువ లెక్క పడేది. నీరు ఎక్కువైతే చోటు తగ్గి వాడకందారు మీద భారం పడేది. చలికాలంలో నీరు గడ్డకడితే మీటరు ఆగిపోయేది. 1840లలో నీరు అక్కరలేని మీటరు వచ్చింది. అందులో కొలిమి తిత్తుల వంటి తోలు తిత్తులు ఒకటి నిండుతుంటే మరొకటి ఖాళీ అవుతూ గ్యాసును కొలుస్తాయి. నేటి ఇంటి మీటరు ఈ రకానిదే. తోలుకు బదులు కృత్రిమ పదార్థం వచ్చింది, అంతే.

1859 చట్టం చెప్పిన న్యాయం

కొలిచే పరికరం వచ్చినంత మాత్రాన తగవు తీరలేదు. కొలిచేవాడూ, అమ్మేవాడూ, డబ్బు తీసుకునేవాడూ ఒక్కడే అయితే కొనేవాడి మాట ఎవరు వినాలి? బ్రిటిష్ పార్లమెంటు 1859లో గ్యాసు అమ్మకాల చట్టం చేసింది. ఘనపుటడుగుకు ప్రామాణిక కొలత నిర్ణయించింది. మీటర్లను కంపెనీకి సంబంధం లేని తనిఖీదారు పరీక్షించి ముద్ర వేయాలన్నది. కొనేవారికి నష్టం కలిగే వైపు 2 శాతం, అమ్మేవారికి నష్టం కలిగే వైపు 3 శాతం దాటి మీటరు తప్పరాదని హద్దు పెట్టింది. ఈ రెండు అంకెల్లో ఎంతో ఆలోచన ఉంది. యంత్రం అన్నాక కొంచెం తేడా తప్పదని చట్టం ఒప్పుకుంది. ఆ తేడా కొనేవాడి నెత్తిన పడే వైపు మాత్రం హద్దును తగ్గించింది. అన్నిటికంటే ముఖ్యంగా, తీర్పు చెప్పే పని అమ్మకందారు చేతి నుంచి మూడో మనిషికి అప్పగించింది.

మన దేశంలో 1857లో కలకత్తా వీధుల్లోను, 1865లో బొంబాయిలోను గ్యాసు దీపాలు వెలిగాయి. మన తెలుగునాట ఇళ్లలో మాత్రం బొగ్గుల కుంపటి, రంపపు పొట్టు పొయ్యి, కిరోసిన్ స్టవ్వులదే రాజ్యం. కనుక మీటరు తగవు మనకు గ్యాసుతో కాక కరెంటుతో పరిచయమైంది.

కరెంటు మీటరు నేర్పిన పాఠం

హుస్సేన్‌సాగర్ ఒడ్డున విద్యుత్ కేంద్రం 1920లో వచ్చింది. రాష్ట్ర విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. బోర్డు రోజుల్లో మీటరు తగవులకు ఆధారం 1910 నాటి భారత విద్యుత్ చట్టంలోని 26వ సెక్షన్. మీటరు సరైనదా కాదా అన్న వివాదం వస్తే, ఇరుపక్షాలలో ఎవరు దరఖాస్తు పెట్టినా ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు తేల్చాలి. మీటరు తప్పని తేలితే సరైన మొత్తాన్ని ఆయనే అంచనా వేస్తాడు. ఆ అంచనా ఆరు నెలలకు మించి వెనక్కి పోరాదు. 1956 నాటి విద్యుత్ నియమాలలో, సాధారణ వాడకం మీద మీటరు 3 శాతానికి మించి తప్పరాదని హద్దు ఉండేది. లండను గ్యాసు చట్టంలోని న్యాయమే ఇక్కడా ఉన్నది గమనించగలరు.

2003లో వచ్చిన కొత్త విద్యుత్ చట్టం, సరైన మీటరు ద్వారానే సరఫరా చేయాలన్న నిబంధనను 55వ సెక్షన్‌లో ఉంచింది. ఫిర్యాదుల పరిష్కార వేదికను, ఆపైన అంబుడ్స్‌మన్‌ను 42వ సెక్షన్ ఏర్పరచింది. మన సభ్యులలో ఎందరో ఈ మార్గాన వెళ్లి ఫలితం పొంది ఉంటారు.

సిలిండరు నుంచి పైపు దాకా

మన దేశంలో వంటగ్యాసు సిలిండర్లు 1955లో బొంబాయిలో మొదలయ్యాయి. మీటరు లేకపోయినా సిలిండరుతో కూడా కొలత తగవు వచ్చింది. 14.2 కిలోల గ్యాసు ఉన్నదా లేదా? సిలిండరు మీద చెక్కిన ఖాళీ బరువును మొత్తం బరువు నుంచి తీసివేస్తే లోపలి గ్యాసు తేలుతుంది. తూచి ఇమ్మని అడిగే హక్కు మనకు ఉంది. తూనికలు కొలతల చట్టం 1976లో వచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం 2011 ఏప్రిల్ 1 నుంచి అమలైంది.

పైపు గ్యాసు మనకు కొత్త. గెయిల్, హిందుస్థాన్ పెట్రోలియం సంస్థలు కలిసి 2003లో భాగ్యనగర్ గ్యాస్ సంస్థను స్థాపించాయి. 2009లో కాకినాడ దగ్గరి గాడిమొగ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టపు మార్గం పూర్తయి, కృష్ణా గోదావరి తీరపు గ్యాసు మన వైపు వచ్చింది. జంట నగరాలకు శామీర్‌పేట ముఖద్వారమైంది. అక్కడి నుంచి కొన్ని ప్రాంతాల అపార్ట్‌మెంట్లకు గొట్టాలు వెళ్లాయి. ఆ విధంగా 1815 నాటి ప్రశ్న మన వంటింటి గోడ మీదికి వచ్చి చేరింది.

కరెంటు మీటరుకు ఉన్నంత పాత చట్టపు అండ ఈ మీటరుకు లేదు. 2006లో పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి చట్టం వచ్చింది. గ్యాసు మీటర్లన్నీ వాడకానికి ముందే పరీక్ష, ధ్రువీకరణ, ముద్ర పొందాలన్న ముసాయిదా నియమాలు సిద్ధం చేసినట్లు కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2025 జనవరిలో ప్రకటించింది. లండనులో 1859లో వచ్చిన ఆలోచన మన దగ్గర ముసాయిదా దాకా రావడానికి నూట అరవై ఏళ్లకు పైగా పట్టింది.

మీటరు తప్పకపోయినా లెక్క తప్పవచ్చు

అంతర్జాతీయ ప్రమాణాలలో 1.5 తరగతి ఇంటి మీటరు కొత్తగా ఉన్నప్పుడు, మామూలు ప్రవాహంలో 1.5 శాతానికి మించి తప్పరాదు. వాడుకలో ఉన్న మీటరుకు అంతకు రెట్టింపు వరకు సడలింపు ఉంటుంది. తిత్తి చిరిగితే గ్యాసు లెక్కకు రాకుండానే పోతుంది. అంటే పాడైన మీటరు తరచుగా తక్కువ చూపుతుంది, లేదా ఆగిపోతుంది. కనుక బిల్లు ఒక్కసారిగా రెట్టింపైతే మీటరు కంటే ముందు అనుమానించవలసినవి వేరే ఉన్నాయి. తలుపు తాళం వేసి ఉన్నందున సరాసరి మీద వేసిన బిల్లు కావచ్చు. పక్క వాటా మీటరు నంబరు మన పేరున పడి ఉండవచ్చు. దశాంశ స్థానంలోని ఎర్ర అంకెలను కలిపి చదివి ఉండవచ్చు. అన్నిటికంటే ప్రమాదకరమైనది లీకు.

మన ఊరికి ప్రత్యేకమైన మరో సంగతి ఉంది. బిల్లులో ఉండే ప్రామాణిక ఘనపు మీటరు అంటే 15 డిగ్రీల వేడిలో, సముద్రమట్టపు పీడనంలో ఉన్న గ్యాసు. సికింద్రాబాదు సముద్రమట్టానికి 500 మీటర్ల పైచిలుకు ఎత్తున ఉంది, మన ఎండలు తెలిసినవే. వేడికి గ్యాసు వ్యాకోచిస్తుంది, ఎత్తుకు పీడనం తగ్గుతుంది. 30 డిగ్రీల వేడిలో సాధారణ మీటరు 100 ఘనపు మీటర్లు చూపితే, ప్రామాణిక లెక్కలో అది సుమారు 91 మాత్రమే అవుతుంది. చలిదేశమైన బ్రిటన్‌లో దీనికి తిరుగుడు లెక్క. అక్కడి ఇళ్ల బిల్లుల్లో మీటరు అంకెను 1.02264తో హెచ్చవేస్తారు. కొన్ని మీటర్లలో వేడికి తగిన సవరణ లోపలే ఉంటుంది. కొన్నిచోట్ల బిల్లులో గుణకం వేస్తారు. మన బిల్లులో ఏ సవరణ చేస్తున్నారో లిఖితపూర్వకంగా అడగటం న్యాయమైన ప్రశ్నే.

సభ్యులు చేయవలసినది

గ్యాసు వాసన వస్తే మీటరు లెక్క తరువాత. వెంటనే వాల్వు మూసి, కిటికీలు తెరవాలి. స్విచ్చులు వేయడం గాని తీయడం గాని చేయకుండా బయటికి వచ్చి, బిల్లు మీద ముద్రించిన అత్యవసర నంబరుకు ఫోను చేయాలి.

వాసన లేకపోతే పొయ్యి నాబులన్నీ కట్టి, వాల్వు మాత్రం తెరచి ఉంచి, ఎర్ర అంకెలతో సహా రీడింగు రాసుకోవాలి. రెండు గంటల తరువాత అంకె కదిలి ఉంటే ఎక్కడో లీకు ఉన్నట్లే. వాల్వు కట్టేసి వెంటనే కబురు చేయాలి. కదలకపోతే వారం రోజులు ఒకే వేళకు రీడింగు రాయాలి. వేడినిచ్చే శక్తిలో ఒక 14.2 కిలోల సిలిండరు సుమారు 18 ఘనపు మీటర్ల పైపు గ్యాసుకు సమానం. నెలకు ఒక సిలిండరు సరిపోయిన ఇంట్లో, వంట తీరు మారకుండా 36 చూపుతుంటే అడగటానికి గట్టి ఆధారం దొరికినట్లే.

అప్పుడు మీటరు నంబరు, రీడింగులు, పాత బిల్లులతో లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోవాలి. మీటరును మన సమక్షంలో పరీక్షించమని కోరాలి. పరీక్ష రుసుము ఎంత, తప్పు తేలితే అది తిరిగి వస్తుందా అన్నది ముందే అడగాలి. మీటరు విప్పుకుపోయే ముందు నంబరు, సీళ్లు, ఆఖరి రీడింగు కనబడేలా ఫోటో తీయాలి. మన చేతులతో సీలు ముట్టుకోరాదు. బిల్లు కట్టడం మానవద్దు. అభ్యంతరానికి లోబడి చెల్లిస్తున్నామని ఉత్తరం ఇచ్చి కట్టడం మేలు. జవాబు రాకపోతే 1915 నంబరుపై జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. ఆపైన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్ ఉంది.

మీటరు ఆగిపోయినా, తక్కువ చూపినా కూడా ఇదే విధంగా తెలియజేయాలి. నేడు ఊరుకుంటే రేపు బకాయి అంతా ఒక్కసారిగా వచ్చి పడవచ్చు. పైగా సరైన కొలత కోరేవారు రెండు వైపులా సరిగా ఉండాలి కదా.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రిజిస్టర్లు, తేదీలు, సంతకాలతో గడిపినవాళ్లం మనం. ప్రతి నెలా పెన్షను పడిన రోజున మీటరు రీడింగు ఒక పుస్తకంలో రాయడం మనకు కొత్త పని కాదు. బిల్లులను పి.పి.ఓ. కాగితాలతో పాటు ఒకే ఫైలులో దాచండి. ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే వేళ ఆ ఫైలును ఒకసారి తిరగేయండి. ఇంట్లో ఒంటరిగా ఉండే తోటి సభ్యులకు, ముఖ్యంగా ఫ్యామిలీ పెన్షను మీద ఉన్న సోదరీమణులకు, ఈ రీడింగు ఎలా చదవాలో దగ్గరుండి చూపించవలసిందిగా మనవి.