ఊళియక్కారన్, దాసుడు, అయ్యగారు



పోయిన నెల మన సంఘంలోని ఒక క్రైస్తవ కుటుంబంలో పెద్దాయన కన్నుమూశారు. జ్ఞాపకార్థ కూడిక కార్డు మీద ఆయన పేరుకు ముందు 'దేవుని దాసుడు' అని అచ్చు వేశారు. అది చూసి మన కుర్రాడొకడు నన్ను అడిగాడు: "తాతా, ఆయన హెడ్మాస్టరుగా చేసినాయన కదా, దాసుడని వేశారేమి? అది గొప్పా, తక్కువా?" అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. నేను చర్చికి పోయేవాణ్ణి కాదు. కాని ముప్పై ఏళ్ళకు పైగా రయిల్వే క్వార్టర్సులో క్రైస్తవుల పక్కన బతికినవాణ్ణి. ప్రశ్న మనసులోంచి పోలేదు. అందుకే ఈ పొడుగు రాత.

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక కూడబలుక్కుని నేర్చుకున్నాను, తప్పులుంటే దిద్దండి. తమిళంలో రయిల్వే ఉద్యోగిని 'రయిల్వే ఊళియర్' అంటారు. చర్చిలో బోధ చేసేవాణ్ణి 'ఊళియక్కారర్' అంటారు. రెండూ ఒకే మాటలోంచి వచ్చినవే. కౌంటరు వెనక కూర్చుని చిల్లర లేదని జనాన్ని విసుక్కున్న నేనూ ఊళియర్‌నే! పౌలు రోమా సంఘానికి రాసిన పత్రిక మొదటి వాక్యంలో తన్ను తాను ఏమని చెప్పుకున్నాడో రెండు బైబిళ్ళలో చూశాను. తమిళంలో ఊళియక్కారన్ అని ఉంది. మన తెలుగులో దాసుడు అని ఉంది. మూలమైన గ్రీకు మాట 'దూలొస్'. దానికి అసలు అర్థం బానిస. అంటే తెలుగు అనువాదమే మూలానికి దగ్గర. ఇంటి పని, వడ్డన చేసేవాడికి గ్రీకులో వేరే మాట ఉంది, 'దియాకొనొస్'. దాన్ని తెలుగులో పరిచారకుడు అన్నారు.

ఇప్పుడు చిక్కు చూడండి. పొద్దున లేస్తే ఎవరికో ఒకరికి వెట్టి చేస్తున్న మనిషి దగ్గరికి పోయి 'నువ్వు దాసుడివి కావాలి' అంటే వాడు ఏమనుకుంటాడు? వాడు కొత్తగా కావడానికి ఏముంది? నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల్లో మాల మాదిగలకు ఈ మాట చెప్పవలసి వచ్చిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయన తెలుగువారు కారు, తెల్లవారూ కారు. మన తమిళనాడు నుంచి పోయినాయన. పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్య.

1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విళైలో పుట్టారు. తండ్రి పల్లెటూరి ఆంగ్లికన్ గురువు. కులం నాడార్. నాడార్లంటే ఇప్పుడు మనకు పెద్ద పెద్ద అంగళ్ళు గుర్తుకొస్తాయి. ఆ రోజుల్లో సంగతి వేరు. కాముది గుడిలోకి రానివ్వాలని వాళ్ళు పెట్టిన పోరు లండన్ ప్రీవీ కౌన్సిల్ దాకా పోయి 1908లో వాళ్ళు ఓడిపోవడంతో ముగిసింది. తక్కువ చూపు ఎలా ఉంటుందో అజరయ్యగారికి ఎవరూ నేర్పక్కరలేదు.

మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, వై.ఎం.సి.ఏ.లో కార్యదర్శిగా పేరు తెచ్చుకున్నారు. 1902లో యాళ్పాణం వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇటువైపుకు మిషనరీని పంపుతున్నారని తెలిసి సిగ్గుపడ్డారు. మన తిరునెల్వేలి సంఘం అంత పెద్దది, అంత పాతది, ఎవరికి ఏమి చేశామని. మరుసటి ఏడే, 1903లో, తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుషులు మనవాళ్ళే, డబ్బు మనదే, నడపడమూ మనమే అన్నది వాళ్ళ కట్టుబాటు. పనికి ఎంచుకున్న చోటు డోర్నకల్.

రయిల్వేవాణ్ణి కనుక ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ కాలంలో తిరునెల్వేలి నుంచి డోర్నకల్ పోవాలంటే మద్రాసు దాకా సౌత్ ఇండియన్ రయిల్వే మీటర్ గేజ్ బండి, అక్కడ మూటాముల్లె మార్చుకుని బెజవాడ దాకా బ్రాడ్ గేజ్, ఆ తరువాత నిజాం రయిల్వే. మూడు కంపెనీలు, రెండు గేజ్‌లు, మధ్యలో ఒక రాజ్యం సరిహద్దు. దిగిన చోట భాష వేరు. డోర్నకల్ జంక్షన్ అంటే మనకు సింగరేణి బొగ్గు బండ్ల దారి అనే తెలుసు.

1909లో అజరయ్యగారు తన మద్రాసు పని వదిలి, భార్య అన్బు మరియమ్మాళ్, పిల్లలతో సహా ఆ డోర్నకల్‌కే పోయారు. వయసు ముప్పై అయిదు. ఇతరులను పంపే పని చేస్తూ తాను పోకుండా ఉండడం ఆయనకు కుదరలేదు. ఆ వయసులో కూర్చుని తెలుగు నేర్చుకున్నారు. పెద్దయ్యాక ఒత్తులు, గుణింతాలు దిద్దడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా నేను నేర్చుకున్నది నా తల్లి భాష. ఆయన నేర్చుకున్నది తనను పిలవని, తనకు ఏమీ ఇవ్వలేని పల్లెవాళ్ళ భాష. దాసుడు అన్న మాటకు నాకు అర్థమైన మొదటి సంగతి ఇదే. దొర భాష నౌకరు నేర్చుకోవడం లోకరీతి. ఇక్కడ గురువు వెట్టివాడి భాష నేర్చుకున్నాడు.

దొర అన్నాను కదా. తెలుగు పల్లెల్లో తెల్ల మిషనరీని దొర అనే పిలిచేవారు. తెలంగాణలో భూస్వామీ దొరే. ఇద్దరికీ ఒకే మాట! మిషనరీల్లో త్యాగం చేసినవారు చాలామంది ఉన్నారు, కాదనను. కాని జీతం ఇచ్చేది వాళ్ళు, తీసుకునేది భారతీయ ఉపదేశకుడు. కాబట్టి దేవుని సేవకుడు కాస్తా మిషన్ నౌకరు అయిపోయేవాడు. అజరయ్యగారు ఈ మాటను 1910లో ఎడిన్‌బరో మహాసభలోనే అనేశారు. సుమారు 1200 మంది ప్రతినిధులు, అందులో ఆసియావారు ఇరవైమంది కూడా లేరు. మీరు మాకోసం సొత్తు ఇచ్చారు, ప్రాణం ఇచ్చారు, అందుకు కృతజ్ఞులం, కాని మాకు కావలసింది స్నేహితులు అన్నది ఆయన చెప్పిన దాని సారం. సభలో చాలామందికి కోపం వచ్చింది. దాసుడంటే నోరు మూసుకుని ఉండేవాడు కాదని ఇక్కడ తెలిసింది నాకు.

1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనను బిషప్పుగా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. మద్రాసు బిషప్పు వైట్‌హెడ్ పట్టుబట్టి చేయించారు గాని, మిషనరీల్లోనూ మనవాళ్ళలోనూ వద్దన్నవారు తక్కువేమీ కాదు. మొదట చిన్న డయోసిస్. తరువాత బ్రిటిష్ ఆంధ్రలోని కొన్ని ప్రాంతాలు కూడా చేరాయి. ఆయన ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగారు. 1935 నాటికి ఆయన కింద 250 మంది భారతీయ గురువులు, 2000కు పైగా పల్లె ఉపదేశకులు ఉన్నారు.

బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఆయన ఒక పద్ధతి పెట్టారు. ఎవరి చెయ్యి వాళ్ళే తమ తల మీద పెట్టుకుని, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని పలకాలి. తలవంచుకుని ఊరి బయట నిలబడడమే తెలిసిన మనిషి తన తల మీద తన చెయ్యి పెట్టుకుని, నా మీద ఒక బాధ్యత ఉంది, నేను ఇంకొకరికి ఇవ్వవలసింది ఉంది అనడం! వెట్టివాడికి ఇవ్వడానికి ఏమీ ఉండదు, వాడి దగ్గరనుంచి లాక్కోవడమే ఉంటుంది. ఇచ్చేవాడు వేరు. పేదవాళ్ళైనా కానుక ఇవ్వాలని ఆయన పట్టుదల. క్రైస్తవుల ఇవ్వడం గురించి ఒక పుస్తకమే రాశారు. మన పక్క చర్చిల్లో వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే అలవాటు మీలో కొందరు చూసే ఉంటారు. నా చిన్నప్పుడు పక్కింటి అత్తగారు అలా తీస్తుంటే, వాళ్ళకే చాలడం లేదు, ఇదేమి పిచ్చి అనుకునేవాణ్ణి.

ఆయనను దేవుణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. బిషప్పు అంటే అధికారం. బదిలీలు, నియామకాలు, మందలింపులు అన్నీ ఉంటాయి, ఆఫీసు పని చేసినవాళ్ళకు చెప్పక్కరలేదు. మతమార్పిడి విషయంలో 1930లలో గాంధీగారికీ ఆయనకూ గట్టి తేడా వచ్చింది. అందులో ఎవరి పక్షం అన్నది మన సంఘంలో అందరికీ ఒకే మాట ఉండదు, ఆ జోలికి పోను. ఇంకొకటి, తెలుగు క్రైస్తవులు తమ పాస్టరును 'అయ్యగారు' అనే అంటారు. దాసుణ్ణి అయ్యగారంటున్నామే అని ఎవరికీ నవ్వు రాదు. మన సంఘంలో 'సేవారత్న' శాలువా కోసం కుర్చీలు జరుపుకునేవాళ్ళం కదా, మనమూ నవ్వలేము.

ఉద్యోగం మానాక ఒకసారి డోర్నకల్‌లో దిగాను. 1939 జనవరి 6న ప్రతిష్ఠ చేసిన ఎపిఫనీ కెథడ్రల్ చూడాలని. గోపురాలు మసీదును గుర్తుకు తెస్తాయి, స్తంభాలు గుడిని, శిలువ తామరపువ్వులోంచి లేస్తుంది. చెప్పులు బయట విడిచి లోపల కాసేపు కూర్చున్నాను. ఊడుస్తున్న ఆవిడ ఎక్కడినుంచి వచ్చావు నాయనా అని అడిగింది. మద్రాసు అన్నాను. "మా అజరయ్య అయ్యగారూ అటువైపే గదా," అంది. మా అంది.

అజరయ్యగారు 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే పోయారు.

తిరునెల్వేలి వైపు నుంచి ఉపదేశకులుగా తెలుగు పల్లెలకు పోయిన కుటుంబాలవాళ్ళు మన సభ్యుల్లో గాని, మీ ఎరుకలో గాని ఉంటే నాకు రాయండి. పాత ఉత్తరాలు, ఫోటోలు ఉంటే పారవేయకండి. తమిళంలో ఉంటే నేను చదివి పెడతాను.