మూడో గుమ్మం

ఊళ్లో బట్టల కొట్లు రెండే వున్నాయనుకోండి. మొదటి కొట్టాయన ధర చెప్పి, “ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే ఎదుటి కొట్టుంది కదా” అంటాడు. ఎదుటి కొట్టాయనా అదే మాట అంటాడు. ఇద్దరికీ పైకి పోటీ, లోపల నిశ్చింత. మనం ఎటు పోయినా ఆ రెండింట్లోనే కదా కొనాలి! అదే వీధి మలుపులో మూడో కొట్టు తెరుచుకుంటుందన్న వార్త వచ్చిందో, ఆ సాయంత్రానికే “కూర్చోండమ్మా, మంచినీళ్లు తాగుతారా?” అన్న మర్యాద మొదలవుతుంది. మనం మూడో కొట్లో జాకెట్టు గుడ్డయినా కొనకపోవచ్చు. అది తెరిచి వుండటమే మనకు లాభం.

రాజకీయాల్లోనూ ఇంతే. ఈ సంగతి బాగా తెలిసినది అమెరికా వాళ్లకి. అక్కడ నూట యాభై ఏళ్లకు పైగా రెండే కొట్లు, డెమోక్రాట్లు, రిపబ్లికన్లు. తమాషా ఏమిటంటే, ఆ రిపబ్లికన్ పార్టీ కూడా ఒకప్పుడు కొత్త కొట్టే. బానిసత్వం కొత్త ప్రాంతాలకు పాకకూడదంటూ 1854లో పుట్టి, ఆరేళ్లలో అబ్రహాం లింకన్‌ను అధ్యక్షుణ్ణి చేసింది. అప్పటిదాకా పెద్ద పార్టీగా వున్న విగ్గులు మాయమయ్యారు. ఆ తరవాత తలుపు మళ్లీ మూసుకుంది.

1912లో దాన్ని గట్టిగా తోసి చూసినవాడు థియోడర్ రూజ్‌వెల్ట్. మాజీ అధ్యక్షుడు. సొంత పార్టీతో పేచీ వచ్చి ప్రోగ్రెసివ్ పార్టీ పెట్టాడు. ఆడవాళ్లకు ఓటు హక్కు కావాలని ఆ పార్టీ తన ప్రణాళికలో రాసింది. సంఘసేవకురాలు జేన్ ఆడమ్స్ సభలో లేచి ఆయన పేరును బలపరిచింది. అప్పటికి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లకి ఓటే లేదు. రూజ్‌వెల్ట్ ఓడిపోయాడు. అయినా రెండో స్థానంలో నిలిచాడు. గద్దె మీదున్న టాఫ్ట్ మూడో స్థానానికి జారిపోయాడు. ఎనిమిదేళ్లకు, 1920లో, దేశమంతటా స్త్రీలకు ఓటు హక్కు రాజ్యాంగంలోకి ఎక్కింది. అది ఆడవాళ్ల దశాబ్దాల పోరాట ఫలం, కాదనను. కానీ ఒక బలమైన పార్టీ ఆ మాటను నెత్తికెత్తుకున్నాక, మిగతా ఇద్దరూ దాన్ని చాప కిందికి తోసెయ్యడం కష్టమైంది.

అయితే మూడో పార్టీకి పెద్ద చిక్కొకటి వుంది. అది ఓట్ల లెక్కలో వుంది. 1992లో రాస్ పెరో అనే ధనవంతుడికి దేశం మొత్తం మీద నూటికి దాదాపు 19 ఓట్లు వచ్చాయి. అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ ఓట్లు మాత్రం సున్నా. 1968లో జార్జి వాలెస్‌కు అంతకన్నా తక్కువ, నూటికి 13 పైచిలుకు. ఆయనకు 46 ఎలక్టోరల్ ఓట్లు దక్కాయి. ఎందుకంటే వాలెస్ ఓట్లు దక్షిణాది రాష్ట్రాల్లో కుప్పపోసినట్టు వున్నాయి, పెరో ఓట్లు దేశమంతా చల్లినట్టు వున్నాయి. వాలెస్ ప్రచారం చేసిన జాతి వివక్షను మనం మెచ్చుకోనక్కర్లేదు. ఈ లెక్క మాత్రం గుర్తు పెట్టుకోండి. గుప్పెడు ఉప్పు ఒక్క కూరలో పడితే రుచి తెలుస్తుంది, చెరువులో పడితే ఏం తెలుస్తుంది?

ఈ లెక్క మనింట్లోనూ జరిగింది. 2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎన్నికల్లో ప్రజారాజ్యం పార్టీకి నూటికి 16 ఓట్లు వచ్చాయి, సీట్లు 18. తెలంగాణ రాష్ట్ర సమితికి నూటికి నాలుగే వచ్చాయి, సీట్లు మాత్రం 10. ఒకరివి చల్లిన ఓట్లు, ఒకరివి కుప్పపోసిన ఓట్లు. ప్రజారాజ్యం 2011లో కాంగ్రెస్‌లో కలిసిపోయింది. టీఆర్ఎస్ 2014లో కొత్త రాష్ట్రపు గద్దె ఎక్కింది.

ఇంతకీ నేను చెప్పదలచుకున్నది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ సంగతి. ఈ మూడూ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోవి. మనవాళ్ల నోట పాలమూరు. 2016 అక్టోబరులో మూడూ వేరువేరు జిల్లాలయ్యాయి గాని, 2009 నుంచి మూడింటికీ పార్లమెంటు నియోజకవర్గం ఒక్కటే, నాగర్‌కర్నూల్. గద్వాల, వనపర్తి ఒకప్పుడు నిజాం కింద సంస్థానాలు. గద్వాలను భర్త పోయాక ఆదిలక్ష్మీదేవమ్మ పాలించారు. వనపర్తి రాణి కుముదినీ దేవి కాలం మారాక ఎన్నికల్లో నిలబడి ఎమ్మెల్యే అయ్యారు, హైదరాబాదుకు మేయరూ అయ్యారు. రాణులు పాలించిన సీమలో ఆడవాళ్లు ఓటు విలువ గురించి మాట్లాడుకోవడంలో వింతేముంది?

ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క తుంగభద్ర. అయినా ఈ సీమకు దేశమంతటా తెలిసిన పేరు పాలమూరు లేబర్. ఆనకట్టలు కట్టడానికి, కాలవలు తవ్వడానికి ఇక్కడి దంపతులు పిల్లల్ని చంకనేసుకుని దూర రాష్ట్రాలకు వెళ్లేవారు. నీళ్లు మళ్లించే పని ఎవరిదో, ఆ ఇంటి ఆడబిడ్డే నీళ్లకు మొహం వాచింది! కాబట్టి ఇక్కడ ఓటంటే జెండా సరదా కాదు. ఓటు అడగడానికి వచ్చినవాడి దగ్గర చేను తడిపే మాట వుందా లేదా అన్నదే ప్రశ్న.

ఆ ప్రశ్నకు మొదటి పెద్ద జవాబు 1971లో వచ్చింది. 1969 ఉద్యమం తరవాత, మర్రి చెన్నారెడ్డి నాయకత్వాన తెలంగాణ ప్రజాసమితి లోక్‌సభకు పోటీ చేసింది. దేశమంతా ఇందిరమ్మ గాలి వీస్తున్న రోజులవి. ఆ గాలిలోనే తెలంగాణలోని 14 సీట్లలో పదింటిని ప్రజాసమితి గెలిచింది. నాగర్‌కర్నూల్ నుంచి భీష్మదేవ్ ఆ పార్టీ తరఫున ఢిల్లీ వెళ్లారు. పక్కనే మహబూబ్‌నగర్‌లో వనపర్తి రాజా రామేశ్వరరావు కాంగ్రెస్ తరఫున గెలిచారు. ఒకే జిల్లాలో రెండు గుమ్మాలూ తెరిచే వున్నాయన్న మాట.

తరవాతేమైంది? ఏడాది తిరక్కుండానే ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయి, తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఫలితం బొత్తిగా లేదని అనలేం. కానీ ఓటు వేసిన ఇల్లాలు అడిగింది ముఖ్యమంత్రిని మార్చమని కాదు గదా! ఆవిడ ఏ గుమ్మం చూసి ఓటేసిందో ఆ గుమ్మానికే ఇటుకలు పేర్చి మూసేశారు. మళ్లీ అలాంటి బలమైన గుమ్మం తెరుచుకోవడానికి 2001 దాకా, ముప్ఫయ్యేళ్లు పట్టింది.

ఈ మధ్యలో ఎన్.టి. రామారావు వచ్చారు. 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టి, 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయ్యారు. రెండు రూపాయల కిలో బియ్యం అందరికీ గుర్తే. ఆడవాళ్లు మరిచిపోకూడనిది ఇంకొకటి వుంది. హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం చేసిన సవరణ వల్ల, 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు కొడుకుతో పాటు హక్కు వచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన వాళ్లకు వర్తించలేదు, అది నిజమే. అయినా అదే హక్కు దేశమంతటికీ రావడానికి 2005 దాకా ఆగాల్సొచ్చింది. పాత పార్టీలు ఏళ్ల తరబడి మెల్లగా చేసే పనిని, కొత్తగా వచ్చిన పార్టీ గబుక్కున చేసి చూపించవచ్చుననడానికి ఇంతకన్నా ఏం కావాలి?

అలాగని పాలమూరు వాళ్లు కొత్త పార్టీకి మెడలో పూసల దండలా వేలాడలేదు. 1989లో ఆ రామారావుగారే, ముఖ్యమంత్రిగా వుంటూ, కల్వకుర్తిలో నిలబడితే కాంగ్రెస్ అభ్యర్థి చిత్తరంజన్‌దాస్‌ను గెలిపించారు. కల్వకుర్తి ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలోదే. కొత్త కొట్టు పాతబడి దర్జా పెంచితే, మనవాళ్లు దాని మెట్లూ దిగి వచ్చేస్తారన్న మాట.

ఇంకో విచిత్రం చూడండి. ఈ సీమ ఓటరు పెద్ద పార్టీల గుర్తులు కాదని మనుషుల్ని గెలిపించిన సందర్భాలు చాలా వున్నాయి. గద్వాలలో 1994లో డి.కె. భరతసింహారెడ్డి ఇండిపెండెంటుగా గెలిచారు. 2004లో డి.కె. అరుణ ఎక్కడో ఉత్తరప్రదేశ్ పార్టీ అయిన సమాజ్‌వాదీ తరఫున నిలబడి గెలిచారు. అదే ఏడు కొల్లాపూర్‌లో జూపల్లి కృష్ణారావు ఇండిపెండెంటు. 2012 ఉపఎన్నికలో నాగర్‌కర్నూల్ నుంచి నాగం జనార్దనరెడ్డి ఇండిపెండెంటు. నాగర్‌కర్నూల్ జిల్లాలో పుట్టి, 2023లో ముఖ్యమంత్రి అయిన రేవంత్‌రెడ్డి కూడా 2007లో శాసనమండలికి వెళ్లింది ఇండిపెండెంటుగానే.

మరి మూడో గుమ్మం వున్నట్టే కదా అంటారా? ఇక్కడే తిరకాసు. వీళ్లంతా తరవాత ఏదో ఒక పెద్ద పార్టీలోకి వెళ్లారు. వాళ్లను తప్పు పట్టడం లేదు, ఒంటరి మనిషి శాసనసభలో ఎంతవరకని నెగ్గుకు రాగలడు? కానీ ఓటరు లెక్కలో అది మూడో గుమ్మం కాదు, పెద్దింటికే వున్న దొడ్డిగుమ్మం. మనిషి గెలిస్తే సీటు మారుతుంది. పార్టీ నిలిస్తేనే రివాజు మారుతుంది. అందుకే మూడో మనిషి చాలదు, మూడో పార్టీ కావాలి. అదీ బలంగా వుండాలి.

బలంగా ఎందుకంటే, బలహీనంగా వుంటే కీడే ఎక్కువ. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చినట్టవుతుంది. 2000లో అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రం బుష్‌కు దక్కింది 537 ఓట్ల తేడాతో. అక్కడ మూడో అభ్యర్థి రాల్ఫ్ నేడర్‌కు వచ్చినవి 97 వేల పైచిలుకు. నేడర్‌కు ఓటేసినవాళ్లలో చాలామందికి బుష్ కంటే గోర్ నయమనే వుంది, అయినా వాళ్ల ఓటు బుష్‌కే ఉపకరించిందని గోర్ వైపు వాళ్లు నేటికీ ఉడుక్కుంటారు. “మూడో వాడికి వేస్తే ఓటు వృథా” అన్న మాట మన వీధి అరుగుల మీదా వినిపించేదే.

దీనికి మందు లేకపోలేదు, అదీ మనకు తెలిసిందే. పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఒక్క పేరుకు కాకుండా, మొదటి ఇష్టం, రెండో ఇష్టం అని అంకెలు వేస్తారు. మన మొదటి ఇష్టం పోటీలోంచి తప్పుకోవాల్సి వస్తే, ఓటు రెండో ఇష్టానికి చేరుతుంది. 2021లో మహబూబ్‌నగర్, రంగారెడ్డి, హైదరాబాద్ పట్టభద్రుల సీటుకు 93 మంది పోటీ చేశారు. లెక్కింపు రోజుల తరబడి సాగింది. చివరికి రెండో ఇష్టపు ఓట్లు కలిశాక గెలిచింది పి.వి. కుమార్తె సురభి వాణీదేవి. ఆలస్యమైతే అయింది గాని, మూడో వాడికి మొదటి అంకె వేసినవాళ్ల ఓటు గంగలో కలవలేదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రం 2018 నుంచి ఇలాంటి పద్ధతే పాటిస్తోంది. సాధారణ ఎన్నికల్లో మనకింకా ఆ వీలు లేదు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో నాగర్‌కర్నూల్‌లో కాంగ్రెస్, బీజేపీ, బీఆర్ఎస్ మూడింటికీ మూడు లక్షలకు మించే ఓట్లు వచ్చాయి. గెలిచిన కాంగ్రెస్‌కు కూడా సగం ఓట్లు రాలేదు.

అయినా నాకు ఆ మూడు లక్షల లెక్కలు మంచి శకునంలాగే కనిపిస్తాయి. ఏ ముగ్గురిలోనూ ఎవరికీ నిశ్చింత లేదు. ఇవాళ ఈ సీమలో ఎత్తిపోతల మాట ఎత్తకుండా, వలస మాట ఎత్తకుండా ఓటడిగే ధైర్యం ఏ పార్టీకీ లేదు. ఒకప్పుడు వేరు బాట పట్టినవాళ్లు మాత్రమే అన్న మాటలవి. ఇప్పుడు అందరి కరపత్రాల్లోనూ వున్నాయి. కరపత్రంలోంచి కాలవలోకి రావాలంటే ఆ ముగ్గురూ ముగ్గురుగా నిలవాలి, ఒకరినొకరు మింగకూడదు.

గద్వాల చీర కట్టుకునేవాళ్లకు దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. ఒంటికి నూలు, అంచుకు పట్టు. అంచు వెడల్పెంత? చీరంతా చూస్తే కొంచెమే. అయినా అది లేకపోతే గద్వాల చీరని ఎవరూ అనరు. నేతగాడు ఆ అంచును ఒంటితో పోగుపోగుకూ ముడివేస్తాడు, కానీ పట్టు నూలైపోదు. పొత్తు అంటే అది. ప్రజాసమితి, ప్రజారాజ్యం చేసింది పొత్తు కాదు, అంచు చించి ఒంట్లో కలిపేసుకోవడం.

కనుక ఈసారి ఏ కొత్త జెండా అయినా మన వాకిట్లోకి వచ్చి బొట్టుపెట్టి పిలిస్తే, “మీరు గెలుస్తారా?” అని అడక్కండి, అది వాళ్ల బెంగ. “ఎన్నికలయ్యాక కూడా మీ గుమ్మం తెరిచే వుంటుందా?” అని అడగండి. ఆ జవాబును బట్టే ఓటెయ్యండి.