కాంప్సోగ్నాథస్ కడుపులో బల్లి

జర్మనీలోని మ్యూనిక్‌లో, బవేరియా రాష్ట్ర పురాజీవ సేకరణలో భద్రపరిచిన ఒక సున్నపురాతి పలకలో కాంప్సోగ్నాథస్ అనే చిన్న మాంసాహారి డైనోసార్ అస్థిపంజరం ఉంది. వయసు దాదాపు 15 కోట్ల ఏళ్లు. పొడవు సుమారు 89 సెంటీమీటర్లు. అందులో పెద్ద భాగం తోకే కాబట్టి ఒళ్లు పెరటి కోడికి మించదు. దాని పక్కటెముకల మధ్య మరో అస్థిపంజరం ఉంది, ఇంకా చిన్నది. కాంప్సోగ్నాథస్ జీవితం గురించి మన దగ్గరున్న అత్యంత గట్టి సాక్ష్యం ఆ రెండోదే. చేతులు, ఈకలు, గుడ్లు, గుంపు వేట వంటి మిగతా విషయాల మీద వచ్చిన మాటలన్నిటికీ అంత బలం లేదు.

ఈ పలక 1850లలో కెల్‌హైమ్ పట్టణ వైద్యుడు యోజెఫ్ ఓబెర్న్‌డోర్ఫర్ సేకరణలో చేరింది. 1859లో యోహాన్ ఆండ్రియాస్ వాగ్నర్ దీనికి కాంప్సోగ్నాథస్ లాంజిపెస్ అని పేరుపెట్టి, 1861లో వివరంగా వర్ణించాడు. ఏ గనిలో దొరికిందో ఓబెర్న్‌డోర్ఫర్ బయటపెట్టలేదు. అందువల్ల కచ్చితంగా ఏ పొరకు చెందినదో చెప్పడం కష్టమైంది. జురాసిక్ యుగం చివరి కాలం అన్నంత వరకు సందేహం లేదు.

అప్పట్లో ఆ ప్రాంతం వెచ్చని, లోతు తక్కువ సముద్రం. అక్కడక్కడ దీవులు, వాటి మధ్య స్పంజికలూ పగడాలూ కట్టిన దిబ్బలు. ఆ దిబ్బల చాటున పెద్ద సముద్రంతో సరిగా కలవని లగూన్లు ఏర్పడ్డాయి. ఎండకు నీరు ఆవిరై, ఉప్పు చిక్కబడ్డ బరువైన నీరు అడుగుకు దిగిపోయేది. ఆ అడుగున ప్రాణవాయువు దాదాపు ఉండదు. కళేబరాన్ని పీక్కుతినే పీతలు గాని, బురదను కెలికే పురుగులు గాని అక్కడ బతకలేవు. పైనుంచి సన్నని సున్నపు బురద మెల్లగా పేరుకునేది. ఆ బురదే గట్టిపడి, పలకలుగా చీలే రాయి అయింది. సోల్న్‌హోఫెన్ పరిసరాల్లో శిలాముద్రణకు వాడినదీ, ఆదిమ పక్షి ఆర్కియోప్టెరిక్స్‌ను దాచి ఉంచినదీ ఇలాంటి రాయే. నేల మీద తిరిగే డైనోసార్ మాత్రం ఇందులో అరుదు. ఏ దీవి నుంచో కొట్టుకొచ్చి మునిగి ఉండాలి.

ఇక కడుపులోని ఎముకల సంగతి. 1881లో అమెరికా శాస్త్రవేత్త మార్ష్ వాటిని చూసి, తల్లి కడుపులోని పిండం అనుకున్నాడు. 1903లో ఫ్రాంజ్ నోప్చా అది పిండం కాదు, మింగిన బల్లి అన్నాడు. 1978లో జాన్ ఆస్ట్రమ్ ఆ ఎముకలను మళ్లీ పరిశీలించి బవారిసారస్ అనే బల్లిగా గుర్తించాడు. దాని పొడుగాటి తోక, కాళ్లను బట్టి అది నేల మీద వేగంగా పరుగెత్తేదనీ, దాన్ని పట్టాలంటే వేటాడే జంతువుకు చురుకైన చూపూ పరుగూ ఉండాలనీ ఊహించాడు. 2018లో జాక్ కాన్రాడ్ ఆ బల్లి బవారిసారస్ కాదని చెప్పి, దాన్ని షోనెస్మాల్ అనే కొత్త ప్రజాతిగా వర్ణించాడు. అలా ఒక జాతికి ఆధారమైన నమూనా కడుపులోనే మరో జాతికి ఆధారమైన నమూనా దొరికింది!

బల్లి పేరు మారినా, అది బల్లి అనే మాట గాని, డైనోసార్ దాన్ని తిన్నదనే మాట గాని మారలేదు. అందుకే దీన్ని గట్టి సాక్ష్యం అంటున్నాను. దాని హద్దు కూడా చెప్పాలి: అది ఒక జంతువు తిన్న ఒక పూట తిండి మాత్రమే. 1970ల తొలినాళ్లలో ఫ్రాన్స్‌లోని కాంజుయేర్ దగ్గర, మళ్లీ లగూన్ సున్నపురాతిలోనే, రెండో అస్థిపంజరం బయటపడింది. ఇది సుమారు 125 సెంటీమీటర్లు. దాని పొట్టలోనూ చిన్న సరీసృపాల ఎముకలున్నాయి. దొరికిన రెండు అస్థిపంజరాల్లోనూ ఇలాంటి తిండే కనిపించడం, అది చిన్న సరీసృపాలను తినేదన్న మాటకు బలం. ఇక పురుగులు, చేపలు వంటివి కూడా తినేదా అంటే, తినలేదని ఈ రెండు పొట్టలు రుజువు చేయలేవు.

ఫ్రెంచ్ నమూనాను 1972లో వర్ణించిన వారు దాని చేతులు తెడ్డులా ఉన్నాయని, అది ఈదే వేరే జాతి అని రాశారు. చేతి దగ్గర రాతిలో కనిపించిన ముద్రను వారలా చదివారు. ఆస్ట్రమ్ దాన్ని ఒప్పుకోలేదు. అది చేతి చర్మమని నమ్మడానికి ఆధారం లేదన్నాడు. కానీ ఆయన నమ్మిన రెండు వేళ్ల చేయి కూడా నిలవలేదు. జర్మన్ నమూనాలో చేతి ఎముకలు చెదిరిపోయాయి. ఫ్రెంచ్ దాంట్లో మూడో వేలు ఆనవాలు దొరికింది.

జర్మన్ నమూనాలో వెనక్కి విరుచుకున్న మెడది మరో చర్చ. 2007లో ఫాక్స్, పాడియన్ ఇద్దరూ ఇలాంటి భంగిమ చావు సమయంలో నాడీమండలం దెబ్బతిన్న గుర్తు అన్నారు. 2012లో రైస్‌డోర్ఫ్, వుట్‌కె దాన్ని కాదని, కళేబరం నీటిలో ఉండగా కండరాలు కుళ్లి, వెన్ను వెంట ఉన్న సాగే స్నాయువు మెడను వెనక్కి లాగుతుందని వాదించారు. లగూన్ సంగతి తెలిసిన తర్వాత ఈ రెండో వివరణే నాకు ఎక్కువ నమ్మశక్యంగా ఉంది. ఇక జర్మన్ పలకపై కనిపించే సెంటీమీటరు పాటి గుండ్రని గుర్తులను 1993లో గుడ్లన్నారు. అవి ఒంటికి బయట ఉన్నాయి, కాబట్టి చాలామంది నమ్మలేదు.

ఈకల మాట మరింత జాగ్రత్తగా చెప్పాలి. కాంప్సోగ్నాథస్ పలకల్లో అవి కనబడవు. 1996లో చైనాలో బయటపడ్డ దగ్గరి బంధువు సైనోసారోప్టెరిక్స్‌కు మాత్రం ఈకల లాంటి నూగు ఉంది. బవేరియాలోనే దొరికిన యురావెనేటర్ అనే చిన్న డైనోసార్ తోక మీద 2006లో పొలుసులు మాత్రమే చూశారు. తర్వాత అతినీలలోహిత కాంతిలో నూగు పోగులు కూడా బయటపడ్డాయి. కాబట్టి కనబడకపోవడాన్ని లేకపోవడంగా లెక్కించకూడదు. సినిమాల్లోని గుంపు వేటకైతే శిలాజ ఆధారం ఏమీ లేదు.

ఇప్పుడు మిగిలిన పెద్ద ప్రశ్న, చనిపోయేనాటికి ఆ జంతువు వయసుది. 2012లో బవేరియా నుంచే వర్ణించిన స్కియురుమిమస్ అనే డైనోసార్ పసిపిల్ల అని తేలింది. ఇలాంటి చిన్న డైనోసార్లలో కొన్ని పెద్ద మాంసాహారుల పిల్లలే అయి ఉండొచ్చని కొందరు పరిశోధకులు ఈ మధ్య వాదిస్తున్నారు. అదే నిజమైతే కడుపులోని బల్లి చిన్న జాతి తిండికి కాక, పెద్ద జాతి పిల్లల తిండికి సాక్ష్యమవుతుంది. ఎముకను పలచగా కోసి ఎదుగుదల గీతలు చూడటం దీన్ని తేల్చే దారుల్లో ఒకటి. కానీ జాతికి మూలమైన నమూనాను కోయడమంటే దానిలో కొంత శాశ్వతంగా పోగొట్టుకోవడమే.